పలక, గోడ, వీధి: మద్రాసులో మనం వినేవాళ్లం కావడం

సంగీత చరిత్రలు రాసినవాళ్లు పాడినవాళ్ల గురించి రాశారు. పాడించిన రాజుల గురించీ, జమీందార్ల గురించీ, సభల గురించీ రాశారు. విన్నవాళ్ల గురించి రాసింది తక్కువ. వినడానికి కూర్చునే చోటు ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్న ప్రశ్న అసలు చరిత్ర కిందకే రాలేదు. చెవులున్న ప్రతివాడూ వింటాడు గదా, దానికి చరిత్ర ఏందని అనుకుంటారు. మాల మాదిగ పాళేల్లో పుట్టినవాళ్లకి తెలుసు, సంగతి అంత తేలిక్కాదని. వాయించడం మనకు విధి అయింది. వినడం వాళ్లకు హక్కయింది. ఈ రెంటి మధ్యా ఉన్న దూరాన్ని కొంచెమైనా కొలవాలన్నదే ఈ వ్యాసం ప్రయత్నం.

కొలవడానికి నేను తీసుకున్న దారి దొరవారిసత్రం నుంచి మద్రాసుకు పొయ్యే రైలు దారి. మా దారి కాబట్టి తీసుకున్నానని ఎవరైనా అంటే కాదనను. గూడూరు నుంచి దక్షిణంగా వచ్చే ఈ లైను నాయుడుపేట దాటి, దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ మీదుగా పొయ్యి ఆరంబాక్కం దగ్గర తమిళనాడులో పడుతుంది. బయటివాళ్లకి మా మండలం పేరు తెలిసేది నేలపట్టు చెరువులో గూళ్లు కట్టే గూడబాతుల వల్ల. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకి మారాం. జిల్లా మారింది గానీ జనం పొయ్యే దారి మారలేదు. కూలికీ, ఆస్పత్రికీ, పెళ్లిబట్టలకీ, సినిమాకీ మద్రాసే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా అది మా రాజధాని కూడా. 1996లో దాని పేరు చెన్నై అయింది. మా పాళేల్లో ఇప్పటికీ మద్రాసే అంటారు, నేనూ అట్లానే రాస్తున్నాను.

మా ఊరి పేరులోనే సత్రం ఉంది. సత్రమంటే బాటసారికి నీడ, నీళ్లు, అన్నం. ఆ కాలపు సత్రాల్లో పంక్తి కులాన్ని బట్టే నడిచేది. బ్రాహ్మణ బాటసారికి లోపల వంట, శూద్రుడికి బయట అరుగు, పంచముడికి చెట్టుకింద నేల. సత్రం కట్టించిన దొర పుణ్యం గురించి జనం చెప్పుకుంటారు. ఆ సత్రం ముందు దొరల పల్లకీ ఆగినప్పుడు పలక కొట్టినవాడు ఎక్కడ అన్నం తిన్నాడో ఎవరూ చెప్పుకోరు.

ఇక పలక సంగతి. తెలంగాణలో డప్పు అంటారు, కోస్తాలో పైకి పొయ్యేకొద్దీ తప్పెట అంటారు, మా వైపు పలక. తమిళంలో పరై. గుండ్రంగా వంచిన కొయ్య చట్రానికి తోలు బిగిస్తారు. ఒక చేతిలో లావు పుల్ల, రెండో చేతిలో సన్నపు ఈనె. కొట్టేముందు గడ్డి మంట మీద కాచుకోవాలి, లేకపోతే తోలు సాగి మోగదు. మబ్బు పట్టిన రోజున గంటకోసారి కాచుకోవాల్సిందే. తోలు ఒలిచేదీ, ఊనేదీ, ఎండగట్టేదీ, బిగించేదీ, కాచేదీ, కొట్టేదీ అన్నీ ఒకే వాడలో జరుగుతాయి. ఒక వాద్యానికి కావలసిన రసాయన శాస్త్రం, వడ్రంగం, లయ అంతా ఒకే కులం చేతుల్లో ఉన్నప్పుడు దాన్ని విద్య అనాలి. మనవాళ్లు దాన్ని విద్య అనలేదు, అననివ్వలేదు. మైల అన్నారు.

పలక పిలుపు ఎప్పుడు వస్తుందంటే ఊళ్లో చావుకి, జాతరకి, పెళ్లి ఊరేగింపుకి. సర్కారు పని ఉంటే టముకు వెయ్యడానికి. శిస్తు కట్టమని, వేలంపాట ఉందని, కలరా టీకాలకు రమ్మని ఊరంతా తిరిగి చాటింది వెట్టివాడే. కూలి డబ్బు రూపంలో వచ్చేది కాదు. కోతలప్పుడు కళ్లంలో మేర కొలిచేవాళ్లు, అదీ ఆసామి మనసు బాగుంటే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల పదవులు రద్దు చేసింది. పైనున్న కుర్చీలు పొయ్యాయి గానీ కిందున్న గ్రామ సేవకుడు అట్లానే మిగిలిపొయ్యాడు. ఆసామి ఇంట్లో చావైతే ఆ రోజు ఇంట్లో జ్వరంతో పడున్నా పొయ్యి కొట్టాల్సిందే. రానంటే మేర ఉండదు, బాట ఉండదు, బావి దగ్గర నీళ్లు ఉండవు. అందుకే పలకని కళ అని పొగిడేవాళ్లని మా పెద్దవాళ్లు నమ్మరు. ‘‘కళంటే ఇష్టముంటే చేసేది. అది యాడన్నా చెయ్యకపోతే తంతారంట్రా?’’ అని మా నాయన అడిగేవాడు. ఆయన పలక కొట్టిన మనిషి. నేను హైస్కూలుకి పొయ్యేటప్పుడు దాన్ని అటక మీద పెట్టేశాడు.

వీధి గురించి కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు పట్టణాల్లో వీధి కళ, వీధి సంగీతం అంటున్నారు. వీధి అందరిదీ అన్న భావన మీద ఆ మాటలు నిలబడ్డాయి. వీధి అందరిదీ ఎప్పుడయింది? చట్టప్రకారం దానికి తేదీ ఉంది. 1924 ఆగస్టులో మద్రాసు శాసనమండలిలో ఆర్. వీరయ్యన్ అనే దళిత సభ్యుడు ఒక తీర్మానం పెట్టాడు. ఏ ఊళ్లో గానీ పట్నంలో గానీ ఏ ప్రజా రస్తాలో, వీధిలో, బాటలో ఏ వర్గం మనిషి నడిచినా అభ్యంతరం ఉండకూడదని, సర్కారు కచేరీలకీ, బావులకీ, చెరువులకీ అందరూ పోవచ్చునని. తీర్మానం నెగ్గింది. ఆ ఏడాది సెప్టెంబరు 25న ప్రభుత్వం జీవో కూడా ఇచ్చింది. అప్పుడు నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, కాబట్టి ఆ ఉత్తర్వు దొరవారిసత్రానికీ వర్తిస్తుంది. అంటే వీధిలో నడిచే హక్కు మనకు కాగితం మీద వచ్చి ఇప్పటికి నూరేళ్లు దాటింది. నడవడానికే ఉత్తర్వు కావలసిన జనం అదే వీధిలో నిలబడి పాట వినాలంటే, గోడ మీద బొమ్మ చూడాలంటే ఇంకెన్ని కావాలి?

ముగ్గు సంగతి ఒక్కమాటలో చెప్పి ముందుకు పోతాను. వీధి చిత్రం ఏదో నిన్న మొన్న విదేశాల నుంచి స్ప్రే డబ్బాల్లో వచ్చిందని అనుకుంటారు. ప్రతి పొద్దునా వాకిట్లో ఆడవాళ్లు వేసే ముగ్గు ఏంది మరి? అందులోనూ పని విభజన ఉంది. ఆసామి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లేది పాళెం నుంచి వచ్చిన పనిమనిషి. ముగ్గు పెట్టేది ఇంటి కోడలు. నేల తడిపిన చేతికి గీత గీసే హక్కు లేదు.

మద్రాసుకి పొయ్యినవాళ్లు ఈ విభజన నుంచి తప్పించుకున్నారా? మద్రాసు కార్పొరేషన్ 1688లో పుట్టింది. ఆ నగరం పెరిగేకొద్దీ దాని పాకీపనికీ, చెత్త ఎత్తే పనికీ తెలుగు జిల్లాల నుంచి, ముఖ్యంగా నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి మాదిగల్ని, మాలల్ని తీసుకుపోయారు. కాగితాల మీద వాళ్లు ఆది ఆంధ్రులు. ఆ పేరుకి గౌరవమైన చరిత్ర ఉంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన కూడిన పంచమ మహాసభ తన పేరును ఆది ఆంధ్ర మహాసభగా మార్చుకుంది. పంచములన్న మాట తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయాలని 1922లో మద్రాసు ప్రభుత్వం ఒప్పుకుంది. పేరు మారింది, చీపురు మారలేదు. తరాల తరబడి ఉత్తర మద్రాసు వాడల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ ఆ కుటుంబాలు నగరాన్ని ఊడ్చాయి. 1952లో ‘మద్రాసు మనదే’ అన్న నినాదం హోరెత్తినప్పుడు, పొట్టి శ్రీరాములు మైలాపూరులో 58 రోజులు నిరాహారంగా ఉండి డిసెంబరు 15న ప్రాణం విడిచినప్పుడు, ఈ తెలుగువాళ్లని లెక్కేసుకున్నవాళ్లు ఎందరు? శ్రీరాములు అంతకుముందు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లో హరిజన ప్రవేశం కోసం కూడా నిరాహారదీక్ష చేసిన మనిషి, ఆయన్ని పక్కన పెడదాం. మద్రాసు కావాలన్న పెద్దలు అడిగింది హైకోర్టు, హార్బరు, కాలేజీలు. పాకీ లైన్లలో ఉన్న తెలుగు ఎవరికీ కావాల్సిన తెలుగు కాదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. అదే నగరంలో తెలుగుకి మహా గౌరవం దొరికిన చోటొకటి ఉంది, అది సంగీత సభ. 1927 కాంగ్రెసు మహాసభలతో పాటు జరిగిన సంగీత సమావేశం నుంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ప్రతి డిసెంబరులో, మార్గళి మాసంలో, మైలాపూరు చుట్టుపక్కల సభల్లో కచేరీలు సాగుతాయి. త్యాగరాజు కీర్తనలు తెలుగు. తెలుగు రాని గాయకుడు తెలుగు పాడితే, తెలుగు రాని శ్రోత కళ్లు మూసుకుని తల ఊపుతాడు. ఆ హాలు బయట తెల్లారి నాలుగింటికి వీధి ఊడ్చే ఆడమనిషికి ఆ పాటలో ప్రతి మాటా తెలుసు, అది ఆమె అమ్మ భాష. హాలు లోపలికి పొయ్యే అర్హత మాత్రం ఆ భాష ఆమెకు ఇవ్వలేదు. 1940ల్లో తమిళ ఇసై ఉద్యమం వచ్చింది. తమిళ నాట తమిళ పాటకి చోటు లేదేమని అణ్ణామలై చెట్టియారు వంటి పెద్దలు నిలదీశారు. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ తగాదాలో ఒక పక్షం తెలుగు అన్నప్పుడు గానీ, రెండో పక్షం తమిళం అన్నప్పుడు గానీ వాళ్ల మనసులో ఉన్నది హాలు లోపలి భాషే. వీధి ఊడ్చే తెలుగు, చావింటి ముందు పాడే తమిళం ఏ పక్షం తరఫునా సాక్ష్యానికి రాలేదు.

సభలోకి మనిషి రాలేదు గానీ మన పని వెళ్లింది. మృదంగం తోలు లేకుండా మోగదు. ఆవు, గేదె, మేక తోళ్లు అందులో ఉన్నాయి. ఆ తోలు ఏరి, శుభ్రం చేసి, బిగించి, శ్రుతికి తెచ్చేవాళ్లలో ఎక్కువమంది దళితులు, అందులో చాలామంది క్రైస్తవులు. కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకంలో ఈ కుటుంబాల చరిత్ర రాశాడు. ఆ పుస్తకం విడుదలకి హాలు ఇస్తామన్న కళాక్షేత్ర ఆఖర్లో అనుమతి వెనక్కి తీసుకుంది. ఫిబ్రవరి 2న సభ ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో జరిగింది. వాద్యం మీద చెయ్యి పడితే పుణ్యం, తోలు ఎక్కడిదో చెప్తే గొడవ. పలక తోలుదీ మృదంగం తోలుదీ ఒకటే పుట్టుక. ఒకటి గుళ్లో కూర్చుంది, ఒకటి శవం ముందు నడిచింది.

ఈ దశలో మన ఉద్యమాలు ఏం చేశాయన్నది ముఖ్యం. రెండు దారులు కనిపిస్తాయి, రెండూ మన పెద్దలు నడిచినవే. మొదటిది పలకని పడెయ్యడం. తమిళ నాట చాలా ఊళ్లల్లో దళితులు ఇక పరై కొట్టం అని తీర్మానించుకున్నారు, దానికి దెబ్బలు తిన్నారు. మా జిల్లాల్లో క్రైస్తవంలోకి పొయ్యిన కుటుంబాలు చాలావరకు పలక వదిలేశాయి. చదువుకున్న తొలి తరం దాన్ని ఇంట్లో కనపడనీయలేదు. దీన్ని ఆత్మన్యూనత అని తేలిగ్గా కొట్టిపారేసే పరిశోధకులున్నారు. వాళ్లెవరూ చావింటి ముందు రాత్రంతా నిలబడినవాళ్లు కాదు. కొట్టనని చెప్పగలగడమే ఆ తరానికి స్వాతంత్ర్యం.

రెండో దారి పలకని మళ్లీ చేతిలోకి తీసుకోవడం, అయితే ఈసారి మన పిలుపుకి. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురిని చంపారు. ఆ మంటల్లోంచి దళిత మహాసభ వచ్చింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. చుండూరుకి ముందు నడిచిన గొడవల్లో ఒకటి సినిమా హాల్లో మొదలైందని మరిచిపోకూడదు. దళిత యువకుడి కాలు ముందు సీటులో ఉన్న అగ్రకులం వాడికి తగిలింది. టిక్కెట్టు ఇద్దరిదీ ఒకటే, చూసే సినిమా ఒకటే. పక్కన కూర్చుని ఆనందించడాన్ని మాత్రం సహించలేకపొయ్యారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. వినోదం చిన్న విషయం, దాని గురించి దళిత పత్రికలో ఇన్ని పేజీలెందుకని అడిగేవాళ్లకి నేను చుండూరు సినిమా హాలుని చూపిస్తాను.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి తన ఉద్యమానికి దండోరా అని పేరు పెట్టుకుంది. సర్కారు శిస్తు కోసం వేసిన టముకు ఇప్పుడు సర్కారు మీదికే మోగింది. ముప్పయ్యేళ్లకి, 2024 ఆగస్టు 1న, ఎస్సీల వర్గీకరణ రాష్ట్రాలు చెయ్యవచ్చునని సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. వర్గీకరణ మీద మన మధ్య ఉన్న వాదన ఇక్కడ తెగేది కాదు. నేను చెప్పదలచుకున్నది ఆ డప్పు అర్థం మారిందని. ఊరేగింపులో డప్పు భుజానికేసుకున్న కుర్రవాడు ఎవరి చావుకీ పోవడం లేదు. ఆ చుట్టూ నిలబడి వింటున్నవాళ్లు, ఈలలేస్తున్నవాళ్లు అతని వాళ్లే. మనకోసం మనం వాయించుకుని మనమే వినడం అక్కడ మొదలైందంటాను.

మద్రాసులో ఈ మార్పు ఇంకో రూపంలో వచ్చింది. ఉత్తర మద్రాసులో గానా అని ఒక పాట ఉంది. చావింటి ముందు రాత్రి తెల్లవార్లూ కూర్చుని పాడేది. బల్ల మీద, సీసా మీద, అగ్గిపెట్టె మీద, డోలక్ ఉంటే డోలక్ మీద తాళం. పోయినవాడి మంచీ చెడూ, వాడి అప్పులూ, వాడి ప్రేమలూ అన్నీ పాటలో వస్తాయి. సినిమావాళ్లు ఆ దరువు తీసుకుని కోట్లు సంపాదించారు. పాడినవాళ్లు వాడల్లోనే ఉండిపొయ్యారు. 2017లో సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి ఈ గాయకుల్ని, పరై వాయించేవాళ్లని, ర్యాప్ పాడేవాళ్లని, గిటార్ వాళ్లని ఒకచోటికి తెచ్చి ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ అని బృందం కట్టారు. తన జనాన్ని కులం లేని తమిళులు అన్న అయోతీదాస పండితుల మాట నుంచి పుట్టిన పేరది. 2018 జనవరి 6న కీల్పాక్‌లో మొదటి కచేరీ. పంతొమ్మిది మంది స్టేజీ మీద. రిజర్వేషన్ గురించి పాట, గొడ్డు మాంసం గురించి పాట, పాకీ గుంటల్లో చచ్చిపొయ్యేవాళ్ల గురించి పాట. తేదీ గమనించండి, అది మార్గళి మాసం. మైలాపూరులో సభలు సాగుతున్న రోజులే. గానా మగవాళ్ల పాట అనుకున్నచోట ఇసైవాణి అనే అమ్మాయి నిలబడి పాడింది. 2020లో బీబీసీ నూరుగురు మహిళల జాబితాలో ఆమె పేరు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో రంజిత్ నడిపే నీలం సంస్థ ‘మార్గళియిల్ మక్కళిసై’ మొదలుపెట్టింది. మార్గళిలో ప్రజల సంగీతం అని అర్థం.

నేను అట్లాంటి ఒక సాయంత్రం జనంలో నిలబడి విన్నాను. కర్ణాటక సభలో శ్రోతకి నియమాలున్నాయి, తాళం తొడ మీద వెయ్యాలి, భళా అనాలి, దగ్గకూడదు. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియాల్సిన పనిలేదు. నా పక్కన ఒక ముసలమ్మ, చీపురు పట్టి కాయలు కాచిన చేతులు, పరై మోత మొదలయ్యేసరికి చెప్పులు విడిచి ఆడింది. ఆమె మనవడు సెల్‌ఫోన్‌లో తీస్తున్నాడు. తర్వాత మాట్లాడితే తెలుగు వచ్చింది, వాళ్ల తాతలది గూడూరు వైపు. ‘‘మా ఇంటాయన పొయ్యినప్పుడు కొట్టిందే అబ్బయా ఇది. అప్పుడు ఏడ్చినా, ఇప్పుడు ఆడినా’’ అంది. చావుకి కట్టేసిన దరువుని ఆమె అక్కడ విప్పేసింది. సౌందర్యశాస్త్రం పుస్తకాల్లో దీనికి పేరుందో లేదో గానీ, పలక చరిత్రలో ఇది చాలా పెద్ద మలుపు.

ఎదురుగా ఇంకో ప్రయత్నం కూడా ఉంది. 2015లో టి.ఎం. కృష్ణ, నిత్యానంద్ జయరామన్ తదితరులు బీసెంట్ నగర్ పక్కన జాలర్ల ఊరు ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో సంగీతోత్సవం పెట్టారు. సభా సంగీతాన్ని కుప్పానికి తెచ్చారు, కుప్పం కళల్ని అదే వేదిక ఎక్కించారు. మంచి పని. అయితే తేడా గమనించాలి. ఒకచోట సభ మన దగ్గరికి వచ్చింది. రెండోచోట మనమే సభ అయ్యాం. నా మొగ్గు రెండోదానివైపు.

గోడల సంగతికి వస్తాను. 2010 ప్రాంతంలో మద్రాసు కార్పొరేషన్ పోస్టర్లు అంటించకుండా అన్నా సాలై వంటి పెద్ద రోడ్ల గోడల మీద బొమ్మలు వేయించింది. ఫ్లెక్సీలు వచ్చి పని పొయ్యిన సినిమా బ్యానర్ల పెయింటర్లకి దాంతో కొన్నాళ్లు కూలి దొరికింది. ఆ తర్వాత స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ వచ్చింది. 2016లో హైదరాబాదులో రాజ్‌భవన్ వెనక ఎం.ఎస్. మక్తా బస్తీ గోడల మీద బొమ్మలు వేయించింది. 2020 మొదట్లో ఏషియన్ పెయింట్స్‌తో, మద్రాసు కార్పొరేషన్‌తో కలిసి కణ్ణగి నగర్‌లో. ఈ కణ్ణగి నగర్ ఏంది? 2000 నుంచి నగరం మధ్యలో కాలవ గట్ల మీద, రోడ్ల పక్కన ఉన్న గుడిసెలు పీకేసి ఆ జనాన్ని తెచ్చిపడేసిన కాలనీ. పదిహేను వేలకు పైగా ఇళ్లు. ఎక్కువమంది దళితులు. పని నగరంలో, ఇల్లు పాత మహాబలిపురం రోడ్డు మీద. కణ్ణగి నగర్ అడ్రసు చెప్తే ఉద్యోగం ఇవ్వరన్న మాట అక్కడ ఏ కుర్రవాడిని అడిగినా చెప్తాడు. ఆ గోడల మీద మూడంతస్తుల ఎత్తున మొహాలు, పిల్లలు, రంగులు వచ్చాయి. పత్రికలన్నీ ఫోటోలు వేశాయి. నగరంలోంచి జనం కార్లలో చూడ్డానికి వచ్చారు.

దీన్ని ఒక్కమాటలో తిట్టెయ్యడం సులువు. మురికివాడకి రంగేశారు, అంతే గదా అనవచ్చు. నేను అట్లా అనను. ఆ బొమ్మల కింద నిలబడి ఫోటో దిగే పిల్లల సంతోషం నిజమైంది. మా పాళెంలో మొదటిసారి అంబేడ్కర్ బొమ్మ గోడ మీద పడ్డప్పుడు, నీలం కోటు, చేతిలో పుస్తకం, కళ్లు కొంచెం మెల్లగా వచ్చినా సరే, మేం పొద్దుపోయేదాకా దాని ముందే కూర్చున్నాం. గోడ మీద మన మొహం కనపడటం చిన్న విషయం కాదు. కాకపోతే ఆ అంబేడ్కర్‌ని వేయించడానికి మేం ఇంటికి ఇరవై రూపాయలు చందా వేసుకున్నాం, ఎక్కడ వెయ్యాలో మేం కొట్లాడుకుని తేల్చుకున్నాం. కణ్ణగి నగర్‌లో మనిషిని అక్కడికి తోలినప్పుడూ అడగలేదు. గోడ అందంగా అయ్యాక చూడ్డానికి వచ్చేవాళ్లని మాత్రం రమ్మన్నారు. బొమ్మ చూసినవాడు మళ్లీ కారెక్కుతాడు. బొమ్మ ఉన్న గోడ వెనక కాపురం ఉన్నవాడు రెండు బస్సులు మారి పనికి పోతాడు.

ఆ కార్పొరేషన్ ముందే 2025 ఆగస్టులో జరిగింది కూడా వీధి చరిత్రలో రాయాలి. రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల్లో చెత్త ఎత్తే పనిని ప్రైవేటు వాళ్లకి అప్పగించడాన్ని వ్యతిరేకించి పారిశుద్ధ్య కార్మికులు ఆగస్టు 1 నుంచి రిప్పన్ బిల్డింగ్ బయట పేవ్‌మెంటు మీద కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు, తెలుగు ఇళ్లవాళ్లూ ఉన్నారు. 13వ తేదీ రాత్రి పోలీసులు వాళ్లని ఎత్తేశారు. ఏ వీధిని తరతరాలుగా ఊడ్చారో ఆ వీధి అంచున రెండు వారాలు కూర్చోవడానికి వాళ్లకి వీలు లేకపోయింది. గోడలకి రంగులేయించిన కార్పొరేషనూ ఇదే. 1924 జీవోలో ఉన్నది నడిచే హక్కు, కూర్చునే హక్కు గురించి అందులో ఒక్క మాటా లేదు.

మా వైపు ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పి ఆపుతాను. సూళ్లూరుపేటలో 2025 జనవరిలో ఫ్లెమింగో పండగ మూడురోజులు జరిగింది. ఇట్లాంటి సర్కారు పండగ ఎక్కడైనా చూడండి, ఊరేగింపు ముందు డప్పులోళ్లు ఎండలో నడుస్తారు, రాత్రి లైట్ల కింద స్టేజీ సినిమా పాటది. మా మండలంలో కొందరు కుర్రవాళ్లు, ఒకరిద్దరు డిగ్రీ చదివినవాళ్లు, ఇద్దరు మద్రాసులో డెలివరీ పని చేసేవాళ్లు, ఈ మధ్య అటకల మీది పలకలు దించారు. మద్రాసు కచేరీలు ఫోన్లో చూసి, కొన్ని పొయ్యి విని, బృందం కట్టుకున్నారు. కొన్ని షరతులు కాగితం మీద రాసుకున్నారు. ముందే డబ్బు మాట్లాడుకోవాలి. మందుకి బదులు వాయించరు. అందరితో పాటు ఒకే పంక్తిలో భోజనం. స్టేజీ ఉంటే స్టేజీ మీదే, కింద కాదు. వాయించాక కింద కూర్చుని మిగతా కార్యక్రమం చూడటానికి ముందు వరసలో కుర్చీలు. ఆ ఆఖరి షరతు చదివి ఒక పెళ్లివాళ్లు నవ్వి వేరేవాళ్లని పిలుచుకున్నారు. ఇంకొకచోట ఒప్పుకున్నారు.

షరతుల్లో ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. ఆసామి ఇళ్ల చావులకి పొయ్యేది లేదన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. మన పాళెంలో చావైతే కొట్టాలా వద్దా అన్నదే తగాదా. చావుకి కొడితే మళ్లీ చావు పలకోళ్లనే అంటారని చదువుకున్న కుర్రవాళ్లు అంటున్నారు. మనవాడు పోతే మన పలక లేకుండా ఎట్లా తీసకపోతార్రా, అని ముసలివాళ్లు. రెండుసార్లు కూర్చున్నారు, రెండుసార్లూ పొద్దుపోయింది. మూడోసారి ఆదివారం కూర్చుంటారు.